ఎడం పక్క పద్దు

వీరభద్రయ్య బెజవాడ వెళ్ళి కాలేజీలో కామర్సు చదివింది ఉద్యోగం కోసం కాదు, షావుకారు అంకమ్మరావు కొంప కూల్చడానికి. ఈ సంగతి అతను ఎవరి దగ్గరా దాచలేదు. అయినా ఎవరూ నమ్మలేదు. పగ తీర్చుకోదలచినవాడు కత్తి పడతాడు, కోర్టుకెక్కుతాడు, లేదా గడ్డివాముకు నిప్పు పెడతాడు. జమాఖర్చులు నేర్చుకొస్తానని బస్సెక్కినవాణ్ణి చూసి ఎవరు మాత్రం భయపడతారు? అంకమ్మరావు అయితే కడుపుబ్బ నవ్వాడట. నవ్వనీ, నవ్వే రోజులు అతనివి.

అసలు గొడవ వీరభద్రయ్య తండ్రి ఆదిశేషయ్యతో మొదలైంది. చల్లపల్లి నుంచి కాలవ గట్టు మీద నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఒక మగ్గాల వీధి ఉండేది. వీధి మొత్తానికి నూలు తూచి ఇచ్చేవాడు అంకమ్మరావు. నేసిన చీరలు తూచి పుచ్చుకునేవాడూ అతనే. పడుగు చేసేటప్పుడు, గంజి పెట్టేటప్పుడు, కండెలు చుట్టేటప్పుడు కొంత నూలు తెగిపోతుంది, కొంత చిక్కుపడి పనికిరాకుండా పోతుంది. దాన్ని తరుగు అంటారు. ఆ తరుగు వదిలేసి లెక్క చూడడం ఆ వీధిలో తాతల నాటి నుంచీ ఉన్న ఆచారం. ఒక ఏడు అంకమ్మరావుకు ఏం బుద్ధి పుట్టిందో గానీ, తరుగూ గిరుగూ లేదు, ఇచ్చిన నూలంతా గుడ్డలో కనపడాల్సిందే అన్నాడు.

ఆ మాటకు వీధిలో ప్రతి ఇల్లూ బాకీ పడింది. మగాళ్ళందరూ ఆదిశేషయ్య ఇంటికొచ్చి, "నువ్వయితే మాట తడబడకుండా అడగ్గలవు శేషయ్యా, మేమంతా నీ వెనక ఉంటాం" అన్నారు. ఆ పిచ్చి మనిషి నమ్మి వెళ్ళి అడిగాడు. అంకమ్మరావు వక్కపలుకు నములుతూ అంతా విన్నాడు. ఆ వారంలోనే కులదేవత చౌడమ్మ తల్లి గుడి ముందు కులపెద్దల్ని కూచోబెట్టి, "అందరి నూలూ తగ్గితే తరుగనుకోవచ్చు. ఇతనింట్లో నూలు తగ్గలేదు, గోడ దాటింది. ఇతను దొంగ" అన్నాడు. వెనక ఉంటామన్నవాళ్ళు నేల చూపులు చూశారు. కులపెద్ద రత్తయ్య గొంతు సవరించుకుని, ఇక ఆదిశేషయ్యకు ఎవరూ నూలివ్వకూడదనీ, అతని ఇంటి గడప తొక్కకూడదనీ తీర్పు చెప్పాడు. మర్నాడు మిగతా ఇళ్ళన్నిటికీ తరుగు వదిలేశాడు షావుకారు. అలా అందరి కడుపులూ చల్లబడ్డాయి.

చిన్నప్పటి నుంచి నూలు పోగు తప్ప బరువైనది పట్టని చేతులతో ఆదిశేషయ్య కాలవల్లో పూడిక తీసే పనికి పోయాడు. బొబ్బలెక్కిన అరచేతుల్ని రాత్రిళ్ళు కొబ్బరినూనెలో ముంచుకునేవాడు. రెండో వానాకాలంలో జ్వరం తగిలి పోయాడు. పాడె మోయడానికి నలుగురు వచ్చారు గానీ గడప తొక్కలేదు. వాకిట్లోనే నిలబడి, శవాన్ని బయటికి తెమ్మన్నారు.

అతని భార్య చౌడేశ్వరమ్మ ఆ ఒక్క రోజే ఏడ్చింది. దినాలయ్యాక కొడుకును ఎదురుగా కూచోబెట్టుకుంది.

"అంకమ్మరావును ఏం జేస్తావురా?" అని అడిగింది.

"చంపేస్తానమ్మా."

"చంపితే వాడు గడియలో పోతాడు. నిన్ను ఉరి తీస్తారు. అది నాకు చాలదు" అంది. "వాడు మీ నాన్నను కర్రతో కొట్టలేదు, లెక్కతో కొట్టాడు. నువ్వా లెక్క నేర్చుకో."

ఆనాటి నుంచి ఆమె పక్క ఊరి మగ్గాలకు కండెలు చుట్టి ఇచ్చి, ఆ కూలితో కొడుకును చదివించింది. వీరభద్రయ్య చల్లపల్లిలో ఒక బియ్యం కొట్లో చిట్టా రాసిపెడుతూ హైస్కూలు పూర్తి చేశాడు. తర్వాత బెజవాడ చేరి, గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్లో సాయంత్రాలు తానులు మడతపెట్టి, ఆ తానుల మీదే పడుకుంటూ కాలేజీలో కామర్సు తీసుకున్నాడు. తక్కిన పిల్లలు బ్యాంకుల గురించీ రైల్వే ఉద్యోగాల గురించీ మాట్లాడుకునేవారు. ఇతనికి కావలసింది ఒక్క మనిషి పతనం. అంత చిన్న కోరికకు అంత పెద్ద చదువు దేనికని మీరడగొచ్చు. ఆ వీధిలో పుట్టి ఉంటే అడిగేవాళ్ళు కాదు.

అకౌంట్లు చెప్పే లెక్చరరు సొలొమోను గారు పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ సుద్దముక్క పొడి అంటిన కోటుతో ఉండేవాడు. మొదటి రోజే బల్ల గుద్ది చెప్పాడు. "పుచ్చుకున్నవాడు ఎడమ, ఇచ్చినవాడు కుడి. నిద్దట్లో లేపి అడిగినా ఇదే చెప్పాలి. ఎడమ డెబిట్టు, కుడి క్రెడిట్టు."

వీరభద్రయ్య మొదటి పరీక్షలో ప్రతి మనిషి ఖాతానూ సరిగ్గా దానికి ఎదురు పక్కన రాశాడు. అంకెల్లో ఒక్క తప్పు లేదు, పక్కలు మాత్రం అన్నీ తారుమారు. సొలొమోను గారు ఆ పేపరు ఎత్తి చూపించగానే క్లాసంతా గొల్లుమంది. "చీర తిరగేసి నేశాడండీ" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. వీరభద్రయ్యకు తలకొట్టేసినట్టయింది.

"ఇట్లా ఎవరు నేర్పారోయ్ నీకు?" అని అడిగాడు లెక్చరరు.

"బియ్యం కొట్లో గుమాస్తా గారండి. మా చిట్టాల్లో జమ ఎడం పక్కనుంటదండి, ఖర్చు కుడి పక్కన. ఇచ్చినవాడి పేరు ఎడం వైపే రాస్తామండి."

నవ్వులు ఆగాక సొలొమోను గారు తల ఊపాడు. "నీది తప్పు కాదయ్యా. మన షావుకార్లందరి చిట్టా అంతే. తెల్లవాళ్ళ పుస్తకంలో పక్కలు మారతాయి. అక్కడ నువ్వు జమ రాసే చోట వాళ్ళు ఖర్చు రాస్తారు. కాని నీకు మార్కులేసేది తెల్లవాళ్ళ పుస్తకాన్ని బట్టే."

అలవాటు మానుకోవడం కొత్తది నేర్చుకోవడం కన్నా కష్టమైంది. పెన్ను పట్టుకోగానే చెయ్యి పాత పక్కకే పోయేది. వీరభద్రయ్య ఎడమ మణికట్టుకు ఎర్ర నూలు పోగు కట్టుకుని, దాన్ని చూస్తూ "పుచ్చుకున్నవాడు, పుచ్చుకున్నవాడు" అని గొణుక్కునేవాడు. జపాను వాళ్ళు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశారన్న కబురుతో ఆ ఎండాకాలం బెజవాడ సగం ఖాళీ అయింది. కొట్టు యజమాని తాళం చేతికిచ్చి పెళ్ళాం పిల్లల్తో పల్లెకు పోయాడు. వీరభద్రయ్య మాత్రం కదల్లేదు. ఎదురొచ్చే బళ్ళను తప్పించుకుంటూ రోజూ పటమట దాకా నడిచి, సొలొమోను గారింటి అరుగు మీద కూచుని లెక్కలు చేసేవాడు.

"బాంబులకు కూడా భయపడవు. ఏమిటయ్యా నీకింత పట్టుదల?" అన్నాడు ఒకనాడు సొలొమోను గారు. వీరభద్రయ్య ఏదీ దాచకుండా అంతా చెప్పాడు.

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "నీ పగ సంగతి నేను మాట్లాడను. ఒకటి మాత్రం గుర్తుంచుకో. తప్పుడు లెక్క రాశావా, మొదట దొరికేది నువ్వే" అన్నాడు. ఇంకో ముక్క కూడా చెప్పాడు. నేతగాళ్ళు సంఘం పెట్టుకుంటే సర్కారు నేరుగా వాళ్ళకే నూలిస్తుందనీ, అయితే ఈ పద్ధతిలో లెక్కలు రాయడం వచ్చినవాడు ఒకడు ఉండాలనీ. వీరభద్రయ్య రెండు మాటలూ జాగ్రత్తగా మనసులో పెట్టుకున్నాడు.

అతను ప్యాసై ఊరికి వచ్చేసరికి యుద్ధం పుణ్యమా అని నూలు కంట్రోలు వచ్చింది. లైసెన్సు ఉన్న షావుకారే నూలు తేవాలి, తెచ్చింది మగ్గాలకే ఇవ్వాలి, ఎవరికెంత ఇచ్చిందీ ఇంగ్లీషు పద్ధతిలో పుస్తకం రాసి చూపాలి. ఆ చుట్టుపక్కల లైసెన్సు అంకమ్మరావు ఒక్కడికే ఉంది. ఆ పుస్తకం రాయగలవాడు వీరభద్రయ్య ఒక్కడే.

షావుకారు కబురు పెట్టాడు. వీరభద్రయ్య వెళ్ళి వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శేషయ్య కొడుకువేగా నువ్వు? దొరల లెక్కలు వచ్చంటగా నీకు. మా కొట్లో రాస్తావా?"

"తమ దయండి."

అంకమ్మరావు పక్కనున్నవాళ్ళ వంక తిరిగాడు. "చూశారా, దొంగ కొడుకు చేత దొర లెక్కలు రాయిస్తున్నా" అన్నాడు. వాళ్ళు నవ్వారు. వీరభద్రయ్య కూడా ఇంత నవ్వు నవ్వాడు. ఆ నవ్వు నవ్వినందుకు ఇంటికెళ్ళాక నోరు పుక్కిలించాడు.

చౌడేశ్వరమ్మ మాత్రం సంతోషించింది. "వెళ్ళు. వాడింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోబాక. ఉప్పు తిన్నాక చెయ్యి ఆడదు" అంది. జీతం పుచ్చుకోవడానికి ఆమెకు అభ్యంతరం లేదు, అది చాకిరీకి ఇచ్చేది. తిండి సంగతే వేరు. అందుకని వీరభద్రయ్య ఇంటి నుంచే సద్ది మూట తెచ్చుకునేవాడు, దాహమైతే ఎండలో కాలవ దాకా పోయి తాగొచ్చేవాడు. షావుకారు భార్య పాపం మంచిది, మధ్యాహ్నం పూట మజ్జిగ తెచ్చిచ్చేది. "కడుపులో బాగాలేదండమ్మా" అనేవాడు. ఏడాది పొడుగునా ఆ కడుపు బాగుపడలేదు.

కంట్రోలు నూలు బేళ్ళు బేళ్ళుగా వచ్చేది. వీధిలోని మగ్గాలకు ఏవో నాలుగు కట్టలు విదిల్చి, మిగతాది బెజవాడ వర్తకులకు దొంగచాటుగా అమ్మేసేవాడు అంకమ్మరావు. నేతగాళ్ళు అడిగితే, "యుద్ధమయ్యా, నేనేం జేసేది" అని నిట్టూర్చేవాడు. వీరభద్రయ్య అన్నీ చూస్తూ, మొహంలో ఏదీ కనపడనీయకుండా, తన పని తాను చేసుకుపోయేవాడు.

కంట్రోలు ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. షావుకారు వీరభద్రయ్యను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఇట్టా చూడు. ఆ బెజవాడ వాళ్ళకు మనం నూలమ్మినట్టు ఉండగూడదు. వాళ్ళే మనకిచ్చినట్టు ఉండాలి. వాళ్ళ పేర్లన్నీ ఎడం పక్క ఎక్కించు. తెలిసిందా? ఎడం పక్క."

వీరభద్రయ్య తన ఎడమ మణికట్టు వంక చూసుకున్నాడు. తనను అంతగా నవ్వులపాలు చేసిన అలవాటు ఈ మనిషి నెత్తురులో ఇంకా అలాగే ఉంది. తప్పు రాయమని అడుగుతున్నాననుకుంటూ, ఉన్నది ఉన్నట్టు రాయమని చెబుతున్నాడు!

"ఎడం పక్కేనాండి?" అన్నాడు, మళ్ళీ చెప్పించుకోవడానికి.

"చెవుడా నీకు? ఎడం పక్కనే."

"అట్టాగేనండి."

నూలు పుచ్చుకున్న ప్రతి బెజవాడ వర్తకుడి పేరునూ, పుచ్చుకున్నంతా, ఎడం పక్కనే రాశాడు. ఒక్క అంకె పెంచలేదు, ఒక్కటి తగ్గించలేదు. అంకమ్మరావుకు ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. బెజవాడ పేజీలు తిరగేసి, తనకు కంఠస్థమైన అంకెలన్నీ ఎడం వైపు బారులు తీరి ఉండడం చూసి తృప్తిపడ్డాడు. మగ్గాల వాళ్ళ పేజీలు చూడనే లేదు; చూసి ఉంటే, నూలు పుచ్చుకున్న వాళ్ళ పేర్లూ ఎడం పక్కనే ఉండడం కనపడేది. వాళ్ళ మొహాలు ఎప్పుడు చూశాడు గనక! అడుగున వరసగా సంతకాలు పెట్టి, "బుర్ర ఉంది నీకు" అని మెచ్చుకున్నాడు.

ఆఫీసరు వచ్చి కుర్చీలో కూచుని పుస్తకం తెరిచాడు. చదువుతున్నకొద్దీ అతని కనుబొమలు పైకి పోయాయి.

"అంకమ్మరావు గారూ, ఇంత నూలు బెజవాడ వర్తకులకు ఇచ్చినట్టు మీరే ఒప్పుకుంటున్నారా?"

షావుకారు చిరునవ్వు చెదరలేదు. "చిత్తం, ఇచ్చింది వాళ్ళండి. పుచ్చుకుంది మేము. ఎడం పక్క జమ కదండీ."

"మీ చిట్టాలో కావచ్చు. ఈ పుస్తకంలో ఎడం పక్కన ఉన్నవాడు పుచ్చుకున్నవాడు. కింద సంతకం మీదే కదా?"

అంకమ్మరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. మెల్లగా మెడ తిప్పి వీరభద్రయ్య వంక చూశాడు. వీరభద్రయ్య ఆ చూపు కోసం ఎన్నేళ్ళుగానో కాచుకుని ఉన్నాడు. కళ్ళు దించుకోలేదు, చేతులు మాత్రం వినయంగా కట్టుకునే ఉన్నాడు.

"తమరు ఎడం పక్క రాయమన్నారండి. రాశాను" అన్నాడు.

సాయంత్రానికి గోదాముకు సీలు పడింది. లైసెన్సు పోయింది. కేసు బందరు కోర్టుకెక్కింది, వకీళ్ళ కోసం అంకమ్మరావు మాగాణి అమ్ముకున్నాడు. తీర్పు చెప్పిన రోజు జవాన్లు అతన్ని జైలుకు నడిపించుకుపోతుంటే కండువా జారి కోర్టు మెట్ల మీద పడింది, తీసిచ్చినవాడు లేడు. అక్కడే నిలబడి ఉన్న వీరభద్రయ్య దాన్ని తొక్కుకుంటూ మెట్లు దిగాడు. నన్నడిగితే అది కాస్త ఎక్కువే. కాని నేను అతని తండ్రి పాడె చూడలేదు, అతను చూశాడు.

తీర్పు కబురు చెప్పడానికి ఇంటికి వచ్చేటప్పుడు అతను కావాలనే వీధి మధ్య నుంచి నడిచాడు. ఎవరైనా పలకరిస్తారనీ, కనీసం ఒక్కడైనా భుజం తడతాడనీ లోపల ఆశ ఉంది. ఎవరూ పలకరించలేదు. గోదాముకు సీలు పడినప్పటి నుంచి వీధికి నూలు రాలేదు. ఒక్క ఇంట్లోనూ మగ్గం ఆడడం లేదు. మగాళ్ళు పారలు భుజాన వేసుకుని కాలవ పనికి పోతున్నారు. ఆడవాళ్ళు అరుగుల మీద చేతులు ఖాళీగా పెట్టుకుని కూచుని, అతన్ని చూసి మొహాలు తిప్పుకున్నారు. ఒక ఇంట్లో పసివాడు ఆకలికి ఏడుస్తున్నాడు, తల్లి ఊరుకోబెట్టడం కూడా మానేసింది.

వీరభద్రయ్యకు మనసు పాడైంది. కేసు నడిచినన్నాళ్ళూ సాక్షిగా బందర్లోనే ఉండిపోయిన అతను ఇది అనుకోలేదు. సొలొమోను గారు చెప్పిన సంఘం కాగితాలు ఎప్పుడో తయారు చేసి పెట్టుకున్నాడు. బందరు ఆఫీసుకు తీసుకెళ్ళి, లెక్కలు రాసేవాడు తానేనని సంతకం పెడితే చాలు, నూలు వస్తుంది. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు. అంతలో వాకిట్లో అలికిడైంది.

రత్తయ్య, వెనక పది పదిహేను మంది. ఎవరూ గడప తొక్కలేదు.

"అమ్మా చౌడేశ్వరమ్మా" అన్నాడు రత్తయ్య. "అబ్బాయి సంఘం పెట్టిస్తే నూలొస్తదంటున్నారు. పిల్లలు పస్తులుంటున్నారు తల్లీ. ఆదిశేషయ్య గారు దొంగ గాదని చౌడమ్మ తల్లి గుడి ముందే చెబుతాం. నేనే చెబుతాను."

చౌడేశ్వరమ్మ రాట్నం ముందు నుంచి లేవలేదు. పక్క ఊరి నూలు ఆమె చేతిలో తిరుగుతూనే ఉంది.

"ఆ ఏడు మీ ఇంట్లో నూలు తగ్గలేదా రత్తయ్య గారూ?"

రత్తయ్య తల దించుకున్నాడు. "తగ్గిందమ్మా."

"వెనకున్న మీకో?"

వెనకవాళ్ళు ఒకరి వెనక ఒకరు జరిగారు.

"ఎళ్ళి అడగమని ఆయన్ని పంపించిందెవరు?"

వెనక వరసలో ఒకాయన పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు.

"అయితే ఆయన దొంగ గాదని మీకు ఆరోజే తెలుసు. ఇయ్యాళ గుడి ముందు జెప్పేదేంటి?" అంది చౌడేశ్వరమ్మ. ఆమె గొంతు పెంచనైనా లేదు. "ఎళ్ళిరండి."

వాళ్ళు కదలకుండా అక్కడే నిలబడ్డారు. వీరభద్రయ్య సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "బస్సుకు వేళవుతోందమ్మా."

"కూచో" అంది తల్లి. "ఈ నెల గడవనీ."

తన పగ నిన్న కోర్టు మెట్ల మీద తీరిపోయింది. అమ్మది అంకమ్మరావుతో మొదలైందే గానీ అతనితో ఆగేది కాదని వీరభద్రయ్యకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆమె కొడుకై ఉండి కూడా ఆ సంగతి కనిపెట్టలేకపోయాడు.

"పిల్లలున్నారమ్మా ఆ ఇళ్ళల్లో" అన్నాడు మెల్లగా.

ఆమె రాట్నం ఆపి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"అప్పుడు నువ్వూ పిల్లాడివే."

వాకిట్లో రత్తయ్య తల ఇంకా దించుకునే ఉన్నాడు. వీరభద్రయ్య కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత సంచీ కింద పెట్టి, చొక్కా విప్పి వంకెకు తగిలించాడు.